ఓడిన సైన్యం రాసుకున్న చరిత్ర

1961లో అమెరికా ప్రభుత్వం ఫ్రాంజ్ హాల్డర్ అనే డెబ్బై ఏడేళ్ల జర్మన్‌ను పౌరసేవా పురస్కారంతో సత్కరించింది. అంతకు ఇరవై ఏళ్ల ముందు, 1941 జూన్ 22న, ముప్పై లక్షలకు పైబడిన సేనతో సోవియట్ యూనియన్ మీద విరుచుకుపడిన జర్మన్ సైన్యానికి అతనే జనరల్ స్టాఫ్ అధిపతి. ఆ దాడి పటాలు, పట్టికలు, ఉత్తర్వులు అతని కార్యాలయంలో తయారయ్యాయి. యుద్ధం ముగిశాక అమెరికా సైన్యపు చరిత్ర విభాగంలో చేరి, జర్మనీ ఎందుకు ఓడిందో, ఎవరి తప్పు ఎంతో తేల్చి చెప్పే పనీ అతనికే దక్కింది. అతను చెప్పిన కథ చాలా సూటిగా ఉంటుంది. సైన్యం తన వృత్తిధర్మం నిర్వర్తించింది, చేతిదాకా వచ్చిన గెలుపును హిట్లర్ పాడుచేశాడు, దారుణాలన్నీ నాజీ పార్టీకి చెందిన ఎస్‌ఎస్ దళాలు చేశాయి. ఈ కథ మూడు దశాబ్దాల పాటు దాదాపు ఎదురులేకుండా చెల్లింది. జనరంజక యుద్ధ పుస్తకాల్లో, డాక్యుమెంటరీల్లో ఈనాటికీ వినిపిస్తూనే ఉంది. ఇది అబద్ధం. అబద్ధమని చెప్పడానికి శత్రువుల సాక్ష్యం కూడా అక్కర్లేదు. హాల్డర్ తన చేత్తో రాసుకున్న డైరీ చాలు.

హాల్డర్ 1884లో వుర్ట్స్‌బర్గ్‌లో, బవేరియా సైనికాధికారుల కుటుంబంలో పుట్టాడు. 1902లో ఫిరంగి దళంలో చేరాడు. మొదటి ప్రపంచ యుద్ధం మొదలయ్యే దాకా మ్యూనిక్ యుద్ధ అకాడమీలో చదివాడు. ఆ యుద్ధం నాలుగేళ్లూ స్టాఫ్ ఉద్యోగాల్లోనే గడిపాడు. ముందు డివిజన్ స్థాయిలో, తర్వాత సైన్యాల స్థాయిలో, చివరికి యువరాజు రుప్రెష్ట్ సేనావాహిని కార్యాలయంలో. స్టాఫ్ అధికారి తుపాకి పేల్చడు, దళాన్ని ముందుండి నడిపించడు. ఏ రైలు ఏ స్టేషన్‌లో ఎన్ని గంటలకు ఆగాలి, ఒక డివిజన్‌కు రోజుకు ఎంత రొట్టె, గుర్రాలకు ఎంత దాణా, ఫిరంగులకు ఎన్ని గుండ్లు, గాయపడినవాళ్లను ఏ దారిన వెనక్కి తేవాలి అన్నవే అతని లెక్కలు. ఏ దేశ సైన్యమైనా ఈ లెక్కలు లేకుండా కదలదు కాబట్టి వృత్తిగా దాన్ని తప్పుపట్టడానికి ఏమీ లేదు. అయితే ఈ ఉద్యోగానికి ఒక లక్షణం ఉంది. కందకంలో ఉన్న సిపాయికి పక్క ఊళ్లో ఏం జరుగుతున్నదో తెలియకపోవచ్చు, స్టాఫ్ అధికారి బల్ల మీదికి మాత్రం అన్నీ వస్తాయి. ఎంతమందికి తిండి ఉంది, ఎంతమందికి లేదు అన్నది మొదట తెలిసేది అతనికే. మాకు తెలియదు అనే మాట సైన్యంలో ఎవరికి చెల్లినా అతనికి చెల్లదు.

1918లో జర్మనీ ఓడింది. ఆ ఏడాది సెప్టెంబరు చివర్లో, యుద్ధవిరమణ వెంటనే కావాలని ప్రభుత్వాన్ని తొందరపెట్టింది సైన్యాధిపతులే. మరుసటి ఏడాది నవంబరులో వాళ్లలో ఒకడైన హిండెన్‌బర్గ్ పార్లమెంటు విచారణ సంఘం ముందుకొచ్చి, యుద్ధరంగంలో సైన్యం ఓడలేదని, ఇంట్లోవాళ్లే వెన్నుపోటు పొడిచారని చెప్పాడు. వెర్సాయ్ ఒప్పందం జర్మన్ సైన్యాన్ని లక్ష మందికి కుదించింది, జనరల్ స్టాఫ్‌ను రద్దు చేసింది. సైన్యాధికారులు దాన్ని పేరు మార్చి దళ కార్యాలయంగా కొనసాగించారు. అదే కాలంలో పాట్స్‌డామ్‌లో రైక్ పత్రాగారం వెలిసింది. అందులో కూర్చుని యుద్ధచరిత్ర రాసినవాళ్లలో ఎక్కువమంది పాత స్టాఫ్ అధికారులే. చరిత్ర గెలిచినవాళ్లు రాస్తారని తరచూ వింటుంటాం. జర్మన్ జనరల్ స్టాఫ్ మాత్రం పాతికేళ్ల వ్యవధిలో రెండు యుద్ధాలు ఓడి, రెండింటి చరిత్రనూ తానే రాసుకుంది. మొదటిసారి తప్పంతా సోషలిస్టుల మీదికీ యూదుల మీదికీ వెళ్లింది, రెండోసారి చచ్చిపోయిన హిట్లర్ మీదికి వెళ్లింది. హాల్డర్‌ను విడి మనిషిగా చూస్తే ఈ వరస కనిపించదు. తన పాతికేళ్ల యుద్ధానంతర ప్రవర్తనను అతను కొత్తగా కనిపెట్టలేదు. యువ అధికారిగా తన పెద్దల దగ్గర చూసి నేర్చుకున్న విద్య అది.

1938 ఆగస్టులో జనరల్ స్టాఫ్ అధిపతి లుడ్విగ్ బెక్ రాజీనామా చేశాడు. చెకొస్లోవేకియా మీద దాడి చేస్తే బ్రిటన్, ఫ్రాన్స్‌లతో యుద్ధం వచ్చి జర్మనీ నాశనమవుతుందని అతని వాదన. ఆ కుర్చీలో సెప్టెంబరు 1న హాల్డర్ కూర్చున్నాడు. న్యాయంగా చెప్పాల్సిన మాట ఒకటుంది. ఆ నెలలోనే హాల్డర్, బెర్లిన్ సేనాని విట్స్‌లేబెన్, గూఢచారి విభాగానికి చెందిన ఓస్టర్ కలిసి హిట్లర్‌ను పడదోసే కుట్ర నడిపారు. దాడి ఉత్తర్వు వెలువడిన క్షణంలో రంగంలోకి దిగాలని అనుకున్నారు. మ్యూనిక్‌లో బ్రిటిష్ ప్రధాని చాంబర్లేన్ చెక్ ప్రాంతాన్ని హిట్లర్ చేతిలో పెట్టడంతో ఆ పథకం కూలిపోయింది. 1939 నవంబరు 5న హిట్లర్ సర్వసేనాని బ్రౌఖిచ్‌ను పిలిపించి, జోసెన్‌లోని సైనిక ప్రధాన కార్యాలయంలో పిరికితనం తాండవిస్తున్నదని చీల్చి చెండాడాడు. యుద్ధం మొదలయ్యాక మళ్లీ తలెత్తిన కుట్ర బయటపడిందని భయపడి హాల్డర్ కాగితాలు తగలబెట్టించాడు. కుట్ర బయటపడలేదు, అయినా అతను మళ్లీ ఆ జోలికి గట్టిగా వెళ్లలేదు. కొంతకాలం జేబులో పిస్తోలు పెట్టుకుని హిట్లర్ సమావేశాలకు వెళ్లినట్టు తర్వాత అతనే చెప్పుకున్నాడు. ఆ పిస్తోలు పేలలేదు. నిరాయుధుణ్ని చంపడానికి చెయ్యి రాని మనిషిని నేను నిందించను. నా ఆరోపణ వేరు. 1938లో హాల్డర్ హిట్లర్‌ను వద్దనుకున్నది జర్మనీ ఓడుతుందన్న భయంతో. 1940 వేసవిలో ఫ్రాన్స్ ఆరు వారాల్లో లొంగిపోయేసరికి ఆ భయంతోపాటు ఆ వ్యతిరేకత కూడా పోయింది. జులైలో అతనికి కర్నల్ జనరల్ హోదా వచ్చింది.

ఆ జులై నెలలోనే అసలు విషయం ఉంది. సోవియట్ యూనియన్ మీద యుద్ధం చేయాలన్న నిశ్చయాన్ని హిట్లర్ జులై 31న సేనానులకు ప్రకటించాడు. సేనానులు అయిష్టంగా తలొంచారని యుద్ధం తర్వాతి కథ. కానీ జులై మొదటి వారానికే హాల్డర్ తన కార్యాలయంలో రష్యా మీద దెబ్బ ఎలా తీయాలో పరిశీలన మొదలుపెట్టించాడు. డైరీలో జులై 3 నాటి పద్దు ఆ మాట చెబుతుంది. నాయకుడి నోట ఉత్తర్వు రాకముందే స్టాఫ్ తన పని మొదలుపెట్టింది. డిసెంబరు 18న హిట్లర్ సంతకం చేసిన దాడి ఆదేశానికి, అంటే బార్బరోసాకు, వెనుక ఆ ఆరు నెలల పని ఉంది.

1941 మార్చి 30న బెర్లిన్ చాన్సలరీలో రెండు వందల మందికి పైగా ఉన్నతాధికారుల ముందు హిట్లర్ మాట్లాడాడు. ఇది మామూలు యుద్ధం కాదని, రెండు సిద్ధాంతాల మధ్య సమూల వినాశన పోరాటమని, శత్రు సైనికుణ్ని తోటి సైనికుడిగా చూసే అలవాటు వదిలేయాలని ఆ ప్రసంగ సారాంశం. అది మనకు ఇంత వివరంగా తెలిసింది హాల్డర్ వల్లే. గాబెల్స్‌బెర్గర్ షార్ట్‌హ్యాండ్‌లో గబగబా రాసుకునే అలవాటు అతనిది. ఆ రోజు కూర్చుని రాసుకున్నాడు. రాసుకుని, తర్వాత దాన్ని ఉత్తర్వులుగా మార్చే పనిలో పాలుపంచుకున్నాడు. సోవియట్ సైన్యంలోని పార్టీ రాజకీయాధికారులను, అంటే కమిసార్లను, పట్టుకున్న వెంటనే కాల్చేయమన్న ఉత్తర్వు జూన్ 6న హిట్లర్ సర్వోన్నత కమాండ్ పేరిట వచ్చింది. దాని ముసాయిదా మే 6న పంపింది మాత్రం సైన్య ప్రధాన కార్యాలయమే. పౌరుల మీద సైనికులు చేసే నేరాలను సైనిక కోర్టులు పట్టించుకోనక్కర్లేదన్న మే 13 శాసనం తయారీలోనూ ఆ కార్యాలయం చెయ్యి ఉంది. తూర్పు యుద్ధంలో దళాలు సైద్ధాంతిక పోరాటాన్ని కూడా భుజాన వేసుకోవాలని హాల్డర్ మే 6 నాటి డైరీలో రాసుకున్నాడు. ఏప్రిల్ చివర్లో, సైన్యం నడిచే నేల మీదే హత్యాదళాలు ఎలా పనిచేయాలన్న ఒప్పందం ఎస్‌ఎస్ భద్రతా విభాగాధిపతి హైడ్రిష్‌తో కుదిర్చింది హాల్డర్ కింద పనిచేసే క్వార్టర్‌మాస్టర్ జనరల్ ఎడ్వర్డ్ వాగ్నర్. అక్కడ దారుణాలు చేసింది ఎస్‌ఎస్, ఇక్కడ యుద్ధం చేసింది సైన్యం అనే గీత యుద్ధం ముగిశాక గీసింది. 1941లో ఆ గీత లేదు, ఆ రెండింటి మధ్య సంతకాలు చేసిన కాగితం ఉంది.

ఇక తిండి సంగతి. జర్మన్ సేన మొత్తం రష్యా నేల మీదే తిని బతకాలని, అలా చేస్తే కోట్లలో జనం ఆకలితో చస్తారని 1941 మే 2న జరిగిన ప్రభుత్వ కార్యదర్శుల సమావేశం మినిట్స్‌లోనే ఉంది. మాస్కో, లెనిన్‌గ్రాడ్‌లను నేలమట్టం చేయాలని, లేకపోతే చలికాలంలో అక్కడి జనానికి తిండి పెట్టాల్సి వస్తుందని హిట్లర్ అన్న మాటను హాల్డర్ జులై 8న రాసుకున్నాడు. 1941 నవంబరు 13న ఓర్షా పట్టణంలో హాల్డర్ తూర్పు సైన్యాల స్టాఫ్ అధిపతులందరినీ సమావేశపరిచాడు. చలి ముదిరింది, దళాలు సగమయ్యాయి. అయినా తూర్పున ఇంకా వందల కిలోమీటర్ల ఆవల లక్ష్యాలు చూపించాడు. ఇది మే నెల కాదని, మనం ఉన్నది ఫ్రాన్స్‌లో కాదని ఒక ట్యాంకు సైన్యపు స్టాఫ్ అధికారి గుర్తుచేయాల్సి వచ్చింది. ఆ సమావేశంలోనే యుద్ధఖైదీల ప్రస్తావన వచ్చినప్పుడు, పని చేయలేని ఖైదీలు ఆకలితో చావాల్సిందేనని వాగ్నర్ తేల్చేశాడు. మరునాడు హాల్డర్ డైరీలో మొలోదెచ్నో పేరు కనిపిస్తుంది. అక్కడ విషజ్వరం సోకిన శిబిరంలో ఇరవై వేల మంది రష్యన్ ఖైదీలున్నారు, వాళ్లకు చావు తప్పదు. చుట్టుపక్కల శిబిరాల్లో జ్వరం లేకపోయినా రోజూ ఎంతోమంది ఆకలితో పోతున్నారు. భయంకరమైన దృశ్యం, కానీ ప్రస్తుతానికి సాయం చేయడం సాధ్యమయ్యేలా లేదు. పద్దు సారాంశం ఇదే.

ప్రస్తుతానికి సాధ్యం కాదు అని రాసినవాడు ముందురోజు ఏ గదిలో పెద్దగా కూర్చున్నాడో గుర్తుంచుకోవాలి. ఆ ఆకలి ఆకాశం నుంచి ఊడిపడలేదు. రేషన్ ఎంత అన్న నిర్ణయం, ఖైదీలను నడిపించాలా బండ్లెక్కించాలా అన్న నిర్ణయం, చలికి కప్పు ఉండాలా వద్దా అన్న నిర్ణయం అతని కింది విభాగం చేతిలో ఉన్నవే. ఆ యుద్ధంలో జర్మన్లకు చిక్కిన సోవియట్ సైనికులు సుమారు 57 లక్షలు, చెరలో చనిపోయినవాళ్లు సుమారు 33 లక్షలు. అందులో దాదాపు 20 లక్షల మంది 1942 ఫిబ్రవరి లోపే పోయారు. ఆ నెలలన్నీ హాల్డర్ పదవిలో ఉన్నవే. ఈ ఖైదీలు ఎస్‌ఎస్ అధీనంలో కాదు, చాలావరకు సైన్యం అధీనంలో ఉన్నారు.

సరే, నేరాల సంగతి పక్కనపెట్టినా యుద్ధం పాడుచేసింది హిట్లరే కదా, ఆగస్టులో మాస్కో దారి వదిలి ట్యాంకులను ఉక్రెయిన్ వైపు తిప్పకపోతే జర్మనీ గెలిచేదే కదా అని వాదించేవాళ్లున్నారు. ఈ వాదనకు మూలపురుషుడు హాల్డరే. 1949లో 'హిట్లర్ సేనానిగా' అనే చిన్న పుస్తకం రాసి దాన్ని ప్రచారంలో పెట్టాడు. హిట్లర్ తప్పులు చేశాడు, సందేహం లేదు. కానీ రెండు వారాల్లో రష్యా యుద్ధం గెలిచేశామంటే అతిశయోక్తి కాదని 1941 జులై 3న డైరీలో రాసుకున్నది హిట్లర్ కాదు, హాల్డర్. ఆగస్టు 11 నాటికి అతనే మరో లెక్క రాశాడు. శత్రువుకు 200 డివిజన్లు ఉంటాయనుకున్నాం, ఇప్పటికే 360 లెక్కతేలాయి అని. శత్రుబలాన్ని అంత తక్కువగా అంచనా వేసింది అతని కార్యాలయంలోని విభాగమే. సరిహద్దు నుంచి మాస్కో సుమారు వెయ్యి కిలోమీటర్లు. లారీలతో సరఫరా సజావుగా సాగేది అందులో సగం దూరమేనని అతని సరఫరా అధికారులకు ముందే తెలుసు. రష్యా రైలు పట్టాల వెడల్పు వేరు, రోడ్లు బురద, సేనలో ఆరు లక్షలకు పైగా గుర్రాలు. ఈ ఇక్కట్లకు స్టాఫ్ దగ్గరున్న జవాబు ఒకటే: శత్రువు సరిహద్దు దగ్గరే కూలిపోతాడు, కాబట్టి ఆ దూరం వెళ్లే అవసరమే రాదు. ఆ జవాబు తప్పయ్యాక ట్యాంకులు ఎటు తిరిగినా పునాది బాగుపడేది కాదు.

మరో ఆక్షేపణ ఇంకా బరువైనది. నియంత రాజ్యంలో ఒక ఉద్యోగి ఏం చేయగలడు? కాదంటే తల తెగదా? ఈ ప్రశ్నకు జవాబు ఆ కాలపు వాస్తవాల్లోనే ఉంది. బెక్ రాజీనామా చేసి బెర్లిన్‌లో తన ఇంట్లో ఆరేళ్లు బతికాడు. 1944 జులై 20న అతను ప్రాణాలు కోల్పోయింది రాజీనామా వల్ల కాదు, హిట్లర్ మీద కుట్రకు నాయకత్వం వహించినందువల్ల. లెనిన్‌గ్రాడ్ వైపు సేనకు అధిపతి లేబ్ 1942 జనవరిలో తనను తప్పించమని కోరి ఇంటికి వెళ్లిపోయాడు. ఇంతకంటే పెద్ద రుజువు హాల్డర్ డైరీలోనే ఉంది. 1941 ఆగస్టు 22న, మనిద్దరం కలిసి రాజీనామా చేద్దామని అతను బ్రౌఖిచ్‌తో అన్నాడు. బ్రౌఖిచ్ ఒప్పుకోలేదు, అతను ఉండిపోయాడు. అంటే రాజీనామా అనే దారి ఉందని హాల్డర్‌కు తెలుసు, ఆ మాట నోరు విప్పి అనగలడు కూడా. అతనికి ఆ మాట గుర్తొచ్చింది ట్యాంకులు మాస్కోకు కాకుండా కీవ్ వైపు మళ్లినప్పుడు. కమిసార్లను కాల్చమన్న ఉత్తర్వు రాసేటప్పుడు గుర్తు రాలేదు, మొలోదెచ్నో శిబిరం గురించి రాసుకున్నప్పుడు గుర్తు రాలేదు. ఒక మనిషి దేనికోసం పదవి వదులుకోవడానికి సిద్ధపడతాడో, దేనికి సిద్ధపడడో అన్న దానికంటే అతని అంతరంగానికి పెద్ద సాక్ష్యం నాకు తెలియదు. చివరికి 1942 సెప్టెంబరు 24న హిట్లరే అతన్ని ఇంటికి పంపాడు, కారణం స్టాలిన్‌గ్రాడ్ దండయాత్ర నడిపే తీరు మీద తగాదా.

హాల్డర్ కూడా బాధితుడే కదా అనేవాళ్లకు చెప్పాల్సింది కొంత ఉంది. జులై 20 కుట్ర తర్వాత, అందులో అతనికి భాగం లేకపోయినా, 1938 నాటి సంబంధాల వల్ల అరెస్టయ్యాడు. ఫ్లాసెన్‌బర్గ్, డకావ్ శిబిరాల్లో ఉన్నాడు. 1945 వసంతంలో దక్షిణ టిరోల్‌లో అమెరికన్ల చేతికి వచ్చి బతికి బయటపడ్డాడు. ఆ బాధ నిజం. కానీ ఆ చెర అతని తర్వాతి జీవితంలో కవచంలా పనికొచ్చింది. 1948లో మ్యూనిక్‌లో నాజీ నిర్మూలన విచారణ మండలి అతన్ని నిర్దోషిగా వదిలింది. నాజీ పార్టీతో మనిషికున్న సంబంధాన్ని తేల్చడం ఆ మండలి పని. 33 లక్షల ఖైదీల చావు అక్కడ అసలు లెక్కలోకే రాలేదు. జనరల్ స్టాఫ్‌ను నేరసంస్థగా ప్రకటించడానికి 1946లో న్యూరెంబర్గ్ న్యాయస్థానం నిరాకరించిన మాట కూడా నిజమే. అది సాంకేతికంగా ఒక సంస్థ కాదన్న కారణంతో. అదే తీర్పులో, ఈ సేనానులు సైనిక వృత్తికే కళంకం తెచ్చారని న్యాయమూర్తులు కఠినంగా రాశారు. తర్వాతివాళ్లు మొదటి సగాన్ని ప్రచారం చేసి రెండో సగాన్ని దాటేశారు.

1946 నుంచి 1961 వరకు అమెరికా సైన్యపు చరిత్ర విభాగం కోసం సుమారు 700 మంది మాజీ జర్మన్ అధికారులు రెండున్నర వేలకు పైగా నివేదికలు రాశారు. పని పంచింది, చూసి సరిదిద్దింది హాల్డర్ బృందం. ప్రచ్ఛన్న యుద్ధం ముదురుతోంది, ఎర్రసైన్యంతో పోరాడిన అనుభవం అమెరికన్లకు కావాలి. ఆ అవసరాన్ని నేను తేలిగ్గా తీసేయను. వాళ్లు అడిగింది రష్యన్లు ఎలా పోరాడతారని, శిబిరాల్లో ఏమైందని కాదు. అడగని దాన్ని ఎవరూ రాయలేదు. 1951 జనవరిలో ఐసెన్‌హోవర్, జర్మన్ సైనికుడు వేరు, హిట్లర్ నేరస్థుల ముఠా వేరు అని ప్రకటించేసరికి కొత్త జర్మన్ సైన్యానికి దారి తెరుచుకుంది. ఆ కాలంలోనే జర్మన్ సేనాని గుడేరియన్ జ్ఞాపకాలు, 1955లో మరో సేనాని మాన్‌స్టైన్ జ్ఞాపకాలు వచ్చాయి. మాన్‌స్టైన్‌కు 1949లో బ్రిటిష్ సైనిక న్యాయస్థానం యుద్ధనేరాలకు 18 ఏళ్ల శిక్ష వేసిందన్న సంగతి ఆ పుస్తకం చదివేవాళ్లలో ఎంతమందికి తెలుసు? సోవియట్ పత్రాలు తలుపులు మూసుకుని ఉన్నాయి, అక్కడినుంచి వచ్చేవాటిని ప్రచారమని కొట్టిపారేశారు. ఈ విషయంలో తెలుగు పాఠకుడి పరిస్థితి కొంత వేరు. మాస్కోలో అచ్చై విశాలాంధ్ర దుకాణాల్లో చౌకగా దొరికిన తెలుగు అనువాదాల వల్ల రష్యన్ ప్రజల గోడు మనకు ముందే చేరింది. అందులో స్టాలిన్ తప్పులు మాయమయ్యాయి, అది దాని లోపం. ఇంగ్లిష్‌లో చదివే తరానికి మాత్రం ఆ గోడు అందకుండా మాన్‌స్టైన్ చాతుర్యం ఒక్కటే అందింది.

జర్మన్లే ఈ కథను కూల్చారు. 1978లో క్రిస్టియన్ ష్ట్రైట్ సోవియట్ యుద్ధఖైదీల మీద పుస్తకం రాశాడు. 1983లో ఫ్రైబర్గ్ సైనిక చరిత్ర సంస్థ తన బృహచ్చరిత్ర నాలుగో సంపుటంలో బార్బరోసా వెనుక సైన్యం పాత్రను పత్రాలతో నిరూపించింది. 1995లో హాంబర్గ్‌లో మొదలైన సైన్య నేరాల ప్రదర్శన ఊరూరా గొడవలు రేపింది. కొన్ని ఫొటోల కింద రాతలు తప్పని తేలి 1999లో దాన్ని ఆపాల్సి వచ్చింది. చరిత్రకారుల సంఘం పరిశీలించి, మూల వాదన సరైనదేనని చెప్పాక 2001లో సవరించి మళ్లీ పెట్టారు. 1962-64 మధ్య మూడు సంపుటాలుగా అచ్చైన హాల్డర్ డైరీ ఈ పరిశోధకులందరికీ ఆధారగ్రంథం. డైరీలో ఉన్నదాన్ని అతను దాచలేదన్నది అతని పక్షాన చెప్పదగిన మాటే. అందుకే సైనిక విద్యాలయాల్లో, పుస్తకాల షాపుల్లో ఇవాళ్టికీ అమ్ముడుపోయే ఆ సేనానుల జ్ఞాపకాలను తగలబెట్టమని నేను అనను. వాటి పక్కన ష్ట్రైట్ పుస్తకం, ఓర్షా సమావేశపు రికార్డు, 1941 నవంబరు 14 నాటి ఆ ఒక్క పేజీ పెట్టి చదివించాలి. బార్బరోసాను యుద్ధకళకు పాఠంగా చెప్పే ప్రతి తరగతిలో, ట్యాంకులు ఎన్ని రోజుల్లో స్మొలెన్స్క్ చేరాయన్న ప్రశ్నతోపాటు, వాటి వెనుక చిక్కిన ఖైదీలకు రోజుకు ఎన్ని గ్రాముల రొట్టె కేటాయించారు, ఆ అంకె వేసింది ఏ కార్యాలయం అన్న ప్రశ్న కూడా పరీక్షలో రావాలి.